నల్ల అద్దం వెనక

(మెదక్ జిల్లా మనోహరాబాద్‌లో మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే స్త్రీల కోసం జరిగిన ఒకరోజు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'సాంకేతిక విజ్ఞానం - స్త్రీల హక్కులు' అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అంత పెద్ద శీర్షిక కింద నిలబడే ధైర్యం నాకు లేదు. సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసినదాన్నే గానీ నేను ఇంజనీరును కాను. అందుకని విషయాన్ని బాగా కుదించుకున్నాను. మీ చేతుల్లోనో సంచుల్లోనో ఉన్న ఫోను మీది అద్దం గురించి మాత్రమే మాట్లాడతాను. దాని మందం మిల్లీమీటరు కూడా ఉండదు. అంత పలచని అద్దంలో మాట్లాడటానికేముంది అని మీకు అనిపించవచ్చు. కిందటేడు ఇక్కడికి వచ్చేదాకా నాకూ అలాగే అనిపించేది.

అప్పుడు నేను వచ్చింది కాళ్ళకల్, ముప్పిరెడ్డిపల్లి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ప్యాకింగు పనిచేసే స్త్రీలతో మాట్లాడటానికి. పనిగంటలు, ఓవర్‌టైం, రాత్రి షిఫ్టు, బస్సు సౌకర్యం - నా ప్రశ్నాపత్రంలో ఉన్నవి ఇవే. తూప్రాన్ వైపు నుంచి వచ్చే ఒకామె, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, నా ప్రశ్నలన్నింటికీ ఓపిగ్గా జవాబులు చెప్పి చివర్లో తన ఫోను తీసి నా చేతిలో పెట్టింది. "జర ఇది చూడక్కా. ఫోను మాట్లాడుతుంటే తెర నల్లగైపోతది, మల్ల రాదు. పెట్టేద్దామంటే గూడ రాదు. డిస్‌ప్లే పోయింది, పద్దెనిమిది వందలైతయన్నడు దుకాణమాయన" అంది.

పద్దెనిమిది వందలంటే ఆమెకు నాలుగైదు రోజుల కూలి. నేను ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాను. నాకేం తెలుస్తుంది? పక్కనే డిప్లొమా చదువుతున్న అమ్మాయి ఒకతె ఉంది. ఆ పిల్ల ఫోను తీసుకుని పైఅంచున అతికించి ఉన్న నల్ల స్టిక్కరు బొట్టును గోటితో లేపేసింది. అంతే. ఫోను బాగుపడింది.

బొట్టు ఎందుకు పెట్టావమ్మా అని అడిగాను. ముందున్న కెమెరా మనకు తెలియకుండానే చూస్తుందని ఎవరో చెప్పారట. పాపకు పాలిచ్చేటప్పుడు, బట్టలు మార్చుకునేటప్పుడు కూడా ఫోను పక్కనే ఉంటుంది కదా, దాని కన్ను మూయాలని బొట్టు పెట్టింది. తప్పేముంది? చాలా తెలివైన పని. కానీ కెమెరా పక్కనే ఇంకో సెన్సారు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరైనా ఫోను చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు, చెంప దగ్గరికి వచ్చిందని పసిగట్టి తెరను ఆర్పేసే సెన్సారు అది. చెంప తగిలి బటన్లు నొక్కుకుపోకుండా అలా ఏర్పాటు చేశారు. ఆమె బొట్టు దాని మీద కూడా పడింది. బొట్టును అది చెంప అనుకుంది. దుకాణదారుకు ఈ సంగతి తెలియదా, తెలిసీ చెప్పలేదా అన్నది వేరే విషయం.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో నన్ను ఒకటే ప్రశ్న వేధించింది. ఆ సెన్సారు ఆమెకు ఎందుకు కనబడలేదు? కళ్ళు బాగానే ఉన్నాయి. ప్యాకెట్టు మీద అతుకు అర అంగుళం పక్కకు జరిగినా పట్టుకునే కళ్ళవి. కనబడలేదంటే కనబడకుండా చేశారు కనుక కనబడలేదు. ఎలా చేశారో తెలుసుకోవడానికి నేను కొంత చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. అర్థమైనంత వరకు మీకు చెబుతాను.

ఫోను మీద మనం వేలితో తాకే పైపొరను కవర్ గ్లాస్ అంటారు. మామూలు గాజును గట్టిపరచడానికి దాన్ని దాదాపు నాలుగు వందల డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. గాజు పైపొరలో ఉన్న సోడియం కణాలు చిన్నవి. అవి బయటికి పోయి, వాటి చోట్లో పెద్దవైన పొటాషియం కణాలు దూరతాయి. ఇద్దరు బక్కపలచని వాళ్ళు లేచిన బస్సు సీట్లో ఇద్దరు లావుపాటి వాళ్ళు కూర్చుంటే ఎలా బిగుసుకుపోతారో పైపొర అలా బిగుసుకుపోతుంది. అందుకే అంత పలచనైనా అంత తొందరగా పగలదు. అమెరికాలో కార్నింగ్ అనే కంపెనీ 1960లలోనే ఇలాంటి గాజు తయారుచేసింది, అప్పట్లో పెద్దగా కొనేవాళ్ళు లేరు. 2007లో ఆపిల్ కంపెనీ తన మొదటి ఐఫోనుకు ప్లాస్టిక్ తెర బదులు గాజు కావాలని అడగడంతో ఆ పాత విద్య మళ్ళీ బయటికి వచ్చింది. గొరిల్లా గ్లాస్ అని మనం దుకాణాల్లో వినే పేరు దానిదే.

గట్టిదనం సంగతి అలా ఉంచుదాం. మనకు కావలసింది నలుపు. మీ ఫోను ఆర్పి చూడండి. అంచు నుంచి అంచు దాకా ఒకే నల్ల పలక. నిజానికి ఆ గాజు మొత్తం మామూలు పారదర్శకమైన గాజే. దాని అంచుల్లో లోపలివైపున నల్లసిరాను అచ్చు వేస్తారు. పెళ్ళి శుభలేఖల మీద, సంచుల మీద స్క్రీన్ ప్రింటింగు చేస్తారు చూడండి, అదే పద్ధతి. ఒక పూత చాలదు, వెలుతురు ఏ మాత్రం దూరకుండా పూత మీద పూత వేస్తారు. లోపలి తీగలు, జిగురు, తెర అంచులు అన్నీ ఆ నలుపు వెనక ఉంటాయి. కెమెరా ఉన్నచోట మాత్రం సిరా వేయకుండా గుండ్రంగా వదిలేస్తారు.

మరి చెంపను పసిగట్టే సెన్సారు సంగతి? అది మన కంటికి కనిపించని పరారుణ కాంతిని వదులుతుంది, ఆ కాంతి దేనికైనా తగిలి వెనక్కి వస్తే దగ్గర్లో ఏదో ఉందని లెక్క. దానికి కిటికీ కావాలి. కిటికీ వదిలితే అద్దం మీద మచ్చలా కనబడుతుంది. అందుకని ఆ చోట ఇంకో రకం సిరా వేస్తారు. అది మన కంటికి నలుపే. పరారుణ కాంతికి మాత్రం అది తెరిచిన కిటికీ. చుట్టూ ఉన్న నలుపుకూ దీనికీ రంగులో తేడా తెలియకుండా కలపడమే ఈ డిజైనర్ల నేర్పు. కంపెనీలు ఆ తేడాను కొలిచి మరీ సరిచూస్తాయి. స్పీకరు సంగతీ అంతే. పాత ఫోన్లకు చెవి దగ్గర జల్లెడలాగా రంధ్రాలు ఉండేవి. తర్వాత అది అద్దానికీ చట్రానికీ మధ్య సన్నని చీలిక అయింది. 2016లో షావోమి ఒక ఫోనులో ఆ చీలిక కూడా తీసేసి, చట్రాన్నే కంపింపజేసి మాట వినిపించేలా చేసింది. 2018లో వివో వేలిముద్ర సెన్సారును తెర కిందికి తోసింది. 2020లో జెడ్‌టీఈ ముందు కెమెరాను కూడా తెర కిందికి పంపింది. అలా ఒక్కొక్కటీ నలుపు వెనక్కి వెళ్ళిపోయాయి.

నమ్మకం లేకపోతే టీవీ రిమోట్ తీసుకుని దాని ముక్కు వైపు మీ ఫోను ముందు కెమెరాతో చూస్తూ బటన్ నొక్కండి. కంటికి కనిపించని కాంతి తెర మీద ఊదారంగు చుక్కలా వెలుగుతుంది. అలాగే ఒక ఫోనులో ఎవరితోనైనా మాట్లాడుతూ ఉండగా, దాని పైఅంచును రెండో ఫోను ముందు కెమెరాతో చూస్తే, ఏమీ లేదనుకున్న నలుపులో ఒక చుక్క కొట్టుకుంటూ కనిపిస్తుంది. అన్ని ఫోన్లలోనూ కనబడదు గానీ చాలావాటిలో కనబడుతుంది.

ఇదంతా అందం కోసమే అంటారు డిజైనర్లు. కొంతవరకు నిజమే, వాళ్ళను తప్పుపట్టడానికి నేను రాలేదు. రంధ్రాలు తగ్గితే దుమ్మూ నీళ్ళూ దూరవు, ఫోను ఎక్కువకాలం బతుకుతుంది. ఒకే ఫోను ఇంటిల్లిపాదీ వాడుకునే మన ఇళ్ళలో అది చిన్న విషయం కాదు. కానీ అందం అనే మాట వచ్చినప్పుడల్లా మనం కొంచెం ఆగి, ఎవరి కళ్ళకు అందం అని అడగడం నేర్చుకున్నాం కదా. స్త్రీల ఉద్యమం మనకు ఇచ్చిన అలవాట్లలో అదొకటి. ఇక్కడా అడుగుదాం.

రాత్రి బస్సులో ప్రయాణం చేసినప్పుడు గమనించే ఉంటారు. లోపల లైట్లు వెలుగుతుంటే కిటికీ అద్దంలో మన ముఖమే మనకు కనిపిస్తుంది. బయట చీకట్లో రోడ్డు పక్కన నిలబడ్డవాడికి మాత్రం మనం పూర్తిగా కనిపిస్తాం. మనం జుట్టు సవరించుకుంటూ ఉంటాం, వాడు చూస్తూ ఉంటాడు. అద్దం ఒకటే, కానీ చీకటివైపు ఉన్నవాడికి అది కిటికీ, వెలుతురువైపు ఉన్నవాళ్ళకు అద్దం. ఫోను నలుపు చేసేదీ అదే. చూసేది చీకట్లో ఉంటుంది. చూడబడేవాళ్ళం వెలుతురులో ఉంటాం.

చూసేది ఎవరు? మొదట ఇంట్లోవాళ్ళు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు మీలో న్యాయసహాయం చేసేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసినది. విడాకులు కోరిన భర్త, భార్య తన తల్లిదండ్రులతోనూ స్నేహితులతోనూ ఫోనులో మాట్లాడిన మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి సాక్ష్యంగా తెచ్చాడు. ఆ గొంతు ఆమెదేనని తేల్చడానికి స్వరపరీక్ష కూడా కోరాడు. అది ఆమె గోప్యత హక్కుకు భంగం, చట్టవిరుద్ధం, సాక్ష్యంగా చెల్లదు అంది హైకోర్టు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో చెప్పడానికి చాలా ముందే మన కోర్టు చెప్పిన మాట ఇది. కానీ 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇంకో రాష్ట్రం నుంచి వచ్చిన కేసులో, భార్య మాటలను భర్త రహస్యంగా రికార్డు చేసినా దాంపత్య వివాదాల్లో దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని తీర్పు చెప్పింది. ఒకరినొకరు నిఘా వేసుకునే దశకు వచ్చారంటే ఆ కాపురంలో నమ్మకం అప్పటికే పోయినట్టు అన్నది కోర్టు వాదన. అయితే నిఘా ఇద్దరికీ సమానంగా అందుబాటులో ఉంటుందా? ఫోను ఎవరి పేరు మీద కొన్నారు, లాక్ నంబరు ఎవరెవరికి తెలుసు, ఎవరి ఫోను ఎవరు అడగకుండా తీసి చూడగలరు? ఈ ప్రశ్నలకు మన ఇళ్ళలో జవాబు ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇంటి తర్వాత హాస్టలు. 2024 ఆగస్టు చివర్లో కృష్ణా జిల్లా గుడ్లవల్లేరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ అమ్మాయిలు హాస్టలు బాత్‌రూముల్లో రహస్య కెమెరా ఉందని రాత్రిపూట ఆందోళనకు దిగారు. కెమెరా ఏదీ దొరకలేదన్నారు పోలీసులు. నేను ఆ కేసు నిజానిజాల్లోకి పోను. కానీ ఆ అమ్మాయిల స్థితి ఆలోచించండి. ఉందని రుజువు చేయలేరు. లేదని చెప్పినా నమ్మలేరు. కంటికి కనిపించకుండా ఉండటమే గొప్పతనంగా తయారైన వస్తువుల మధ్య 'లేదు' అన్న మాటకు విలువ ఏముంటుంది? చట్టం అయితే ఉంది. ఆడవాళ్ళను చాటుగా చూడటం, చిత్రించడం నేరమని 2013లో శిక్షాస్మృతిలో 354సి సెక్షను చేర్చారు. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షను. మొదటిసారి నేరానికి ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు. స్త్రీ ఫోను, ఇంటర్నెట్ వాడకాన్ని వెంటాడి గమనించడం కూడా నేరమే, అది 78వ సెక్షను. కానీ చట్టం నేరం జరిగాక వస్తుంది. అద్దం ముందే వస్తుంది.

ఆ తర్వాత ప్రభుత్వం. నేను ఈ పొద్దున కొంపల్లి, మేడ్చల్ మీదుగా వచ్చాను. ఆ కొంపల్లిలోనే 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో పది పోలింగు కేంద్రాల్లో ఓటర్ల ముఖాలను ఫోనుతో ఫోటో తీసి సరిపోల్చే ప్రయోగం జరిగింది. అంగన్‌వాడీ కేంద్రాల్లో ఇంటికిచ్చే ఆహారం తీసుకోవడానికి ముఖం గుర్తింపును కేంద్ర ప్రభుత్వం 2025 జూలై 1 నుంచి తప్పనిసరి చేసింది. ఇక్కడ అంగన్‌వాడీ టీచర్లు చాలామంది ఉన్నారు, నాకంటే మీకే బాగా తెలుసు. గర్భిణీ స్త్రీ గానీ పసిబిడ్డ తల్లి గానీ మీ ఫోను ముందు నిలబడాలి. తెర మీ వైపు, కెమెరా ఆమె వైపు. ఆమెకు కనిపించేది ఒక నల్ల పలక. ఎప్పుడు ఫోటో తీసింది, ఎన్ని తీసింది, ఎక్కడికి పోయింది ఆమెకు తెలియదు. ముఖం 'పట్టకపోతే' బాలామృతం మళ్ళీ రేపు. నెట్‌వర్కు లేకనో, అద్దం గీతలు పడి మసకబారో పట్టకపోయినా తప్పు ఆమె ముఖానిదే అయిపోతుంది. ముఖాలను చూసే యంత్రాలకు అందరి ముఖాలూ ఒకటి కావని మనకు తెలుసు. అమెరికాలో జాయ్ బువొలాంవిని, టిమ్నిట్ గెబ్రు అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు 2018లో మూడు కంపెనీల ప్రోగ్రాములను పరీక్షించారు. ముఖం చూసి ఆడో మగో చెప్పడంలో తెల్లని మగవాళ్ళ విషయంలో తప్పులు నూటికి ఒకటి కూడా లేవు. నల్లని ఆడవాళ్ళ విషయంలో ఒక ప్రోగ్రాము నూటికి దాదాపు 35 తప్పులు చేసింది. ఎండలో నాట్లు వేసి వచ్చిన మన మెదక్ స్త్రీల ముఖాలు ఎవరి ముఖాలతో పోల్చి తయారుచేసిన లెక్కకు లోబడాలో అడిగే హక్కు మనకు ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. అన్నీ కనబడాల్సిందే, ప్రతి రికార్డింగుకూ లైటు వెలగాల్సిందే అందామా? దక్షిణ కొరియాలో ఫోను కెమెరాతో ఫోటో తీస్తే తప్పకుండా చప్పుడు రావాలని 2004లో ప్రమాణం పెట్టారు, 60 నుంచి 68 డెసిబెల్స్. ఆడవాళ్ళను చాటుగా ఫోటోలు తీయడం పెరిగిపోవడం వల్లనే ఆ నియమం వచ్చింది. వినగానే నాకు చాలా సంతోషం వేసింది. కానీ మా దగ్గరికి వచ్చే స్త్రీలలో కొందరు మొగుడు బెదిరించేటప్పుడు ఫోను కొంగు చాటున పెట్టి రికార్డు చేసి తెస్తారు. ఇందాక చెప్పిన సుప్రీంకోర్టు తీర్పు అలాంటి స్త్రీకీ ఉపయోగపడుతుంది. ఆ సమయంలో ఫోను చప్పుడు చేస్తే ఆమె ప్రాణానికే ముప్పు. కాబట్టి దాపరికం తనంత తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దాచుకునే అవకాశం ఎవరి చేతిలో ఉందన్నదే చూడాలి. బలహీనురాలు తన రక్షణకు దాచుకోవడం, బలవంతుడు తన పట్టు కోసం దాగి చూడటం ఒకటి కావు. రెంటికీ ఒకే సూత్రం రాయగల తెలివి నాకైతే లేదు. మీలో ఎవరికైనా ఉంటే మధ్యాహ్నం చర్చలో చెప్పండి.

దారి చూపినవాళ్ళు మాత్రం మన జిల్లాలోనే ఉన్నారు. పాత మెదక్ జిల్లాలో, ఇప్పుడది సంగారెడ్డి జిల్లా, పస్తాపూర్ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీల గురించి వినే ఉంటారు. చాలామంది దళిత స్త్రీలు, ఎక్కువమందికి చదువు రాదు. వాళ్ళు వీడియో కెమెరా పట్టుకుని చిరుధాన్యాల మీద, విత్తనాల మీద సినిమాలు తీశారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. వాళ్ళు కెమెరా కోణాలకు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్, ఎందుకంటే దొర జీతగాళ్ళను అలాగే చూస్తాడు. కిందినుంచి పైకి చూస్తే అది బానిస చూపు. ఎదుటి మనిషి కళ్ళలోకి సూటిగా, సమానంగా చూస్తే సంఘం షాట్. నేను చదివిన చదువులో కెమెరా గురించి ఇంత స్పష్టమైన సిద్ధాంతం నాకు కనబడలేదు. సంఘం షాట్ తీయాలంటే కెమెరా పట్టుకున్న మనిషి ఎదుటివాళ్ళకు కనబడాలి. నల్ల అద్దం వెనకనుంచి పటేల్ షాట్ ఒక్కటే సాధ్యం, ఆ పటేలు ఎవరో కూడా తెలియదు.

ఇప్పటిదాకా అద్దం వెనకున్న కళ్ళ గురించి చెప్పాను. దాని వెనక చేతులు కూడా ఉన్నాయి. ఆ నలుపు వాటినీ దాస్తుంది.

కవర్ గ్లాస్ కత్తిరించి, అంచులు నూరి, మెరుగు పెట్టి, సిరా అచ్చువేసి, తుడిచి, మచ్చ ఉందేమోనని లైటు కింద పరీక్షించాలి. ప్రపంచంలో ఈ పని ఎక్కువగా చైనాలో జరుగుతుంది. చేసేవాళ్ళలో పల్లెల నుంచి వచ్చిన యువతులు చాలామంది. అలాంటి యువతే జౌ చున్‌ఫెయ్. హునాన్ రాష్ట్రంలో పేద ఇంట్లో పుట్టి, చదువు మానేసి, గడియారాల అద్దాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనికి చేరింది. 1993లో సొంతంగా చిన్న వర్క్‌షాపు పెట్టింది. 2003లో మోటొరోలా కంపెనీ ఫోనుకు గాజు తెర చేసిపెట్టగలవా అని అడిగితే సరేనంది. ఆమె స్థాపించిన లెన్స్ టెక్నాలజీ 2015లో షేర్ మార్కెట్లోకి వచ్చినప్పుడు చైనాలోనే అత్యంత సంపన్నురాలని పత్రికలు రాశాయి. ఆమె పట్టుదల చూసి ముచ్చట పడతాను. ఒకరు యజమాని అయితే అద్దం తుడిచేవాళ్ళ బతుకు మారుతుందని మాత్రం అనుకోను.

ఎందుకంటే తుడవడం అనే పనిలో ఏం జరిగిందో చూడండి. చైనాలో సుజౌ నగరంలో విన్‌టెక్ అనే కంపెనీకి చెందిన ఫ్యాక్టరీలో ఆపిల్ ఫోన్లకు టచ్‌స్క్రీన్లు తయారయ్యేవి. తెరలను తుడవడానికి ఆల్కహాల్ వాడేవాళ్ళు. అది ఆరడానికి కాసేపు పడుతుంది. 2008లో దాని బదులు ఎన్-హెక్సేన్ అనే ద్రావణి తెచ్చారు. అది ఇట్టే ఆరిపోతుంది, మరక మిగలదు, గంటకు ఎక్కువ తెరలు తుడవచ్చు. గాలి సరిగా ఆడని గదుల్లో దాని ఆవిరి పీల్చి పనివాళ్ళ నరాలు దెబ్బతిన్నాయి. చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కడం, పట్టు జారడం, నడవలేకపోవడం. 137 మంది దీని బారిన పడ్డారని 2011లో ఆపిల్ తన నివేదికలో ఒప్పుకుంది. బాధితుల్లో కొందరు ఆ ఏడాదే కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్‌కు ఉత్తరం రాశారు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల గాలి పీల్చినవాళ్ళకు ద్రావణి వాసన గురించి నేను చెప్పాలా? మీరు తుడిచే గుడ్డ మీద పోసే డబ్బా మీద ఏ పేరు రాసి ఉందో చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి. ఈ ఒక్క మాట కోసమైనా నేను ఇంతదూరం రావచ్చు.

ఇదంతా చైనా సంగతి అనుకోకండి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో 2015 నుంచి ఫోన్లు బిగిస్తున్నారు. అక్కడ పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలే. అదే కంపెనీకి తమిళనాడులో శ్రీపెరంబుదూరు దగ్గర ఉన్న ఐఫోన్ల ఫ్యాక్టరీ హాస్టల్లో 2021 డిసెంబరులో భోజనం వికటించి 250 మందికి పైగా అమ్మాయిలకు జబ్బు చేసింది. 159 మందిని ఆసుపత్రిలో చేర్చారు. మిగతావాళ్ళు జాతీయ రహదారి మీద బైఠాయిస్తే గానీ ప్రపంచానికి తెలియలేదు. అదే ఫ్యాక్టరీలో పెళ్ళయిన స్త్రీలను బిగింపు పనుల్లోకి తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. కేంద్ర కార్మికశాఖ నివేదిక కోరింది, జాతీయ మానవహక్కుల సంఘం నోటీసులిచ్చింది. పెళ్ళయితే బాధ్యతలెక్కువ, సెలవులెక్కువ అని నియామకాల వాళ్ళు చెప్పిన కారణాలు. మంగళసూత్రాన్ని మచ్చగా చూసే పరీక్ష అది.

మనకూ ఈ అద్దం దాదాపు వచ్చినట్టే వచ్చింది. తెలంగాణలో గొరిల్లా గ్లాస్ ఫ్యాక్టరీ పెడుతున్నారని, ఎనిమిది వందల మందికి ఉద్యోగాలని 2023 సెప్టెంబరులో ప్రకటించారు. తర్వాత అది తమిళనాడుకు, శ్రీపెరంబుదూరు దగ్గరి పిళ్ళైపాక్కానికి పోయింది. పోయిందని ఇక్కడ చాలామంది బాధపడ్డారు. ఉద్యోగాలు పోయాయన్న బాధలో న్యాయం ఉంది. అయితే వస్తే ఏ షరతుల మీద రావాలో అప్పుడు ఎవరూ మాట్లాడలేదు. రేపు ఇంకో ఫ్యాక్టరీ వస్తుంది. ఈ రోడ్డు పక్కన షెడ్లు ఎలా లేస్తున్నాయో చూస్తూనే ఉన్నారు. ఏ రసాయనం వాడతారు, గాలి మార్గం ఉందా, రాత్రి షిఫ్టుకు బస్సు గేటు దాకానా ఇంటి దాకానా, పెళ్ళయినవాళ్ళను తీసుకుంటారా - ఇవి గ్రామసభలో, ప్రజాభిప్రాయ సేకరణలో ముందే అడగాలి.

అద్దం విషయంలోనూ అడగవచ్చు. అమెరికాలో కూర్చున్న డిజైనరును మనం అడగలేం, నిజమే. కానీ అంగన్‌వాడీ టీచర్ల చేతిలో ఉండే ఫోన్లను ఎవరు కొంటారు? ప్రభుత్వం టెండరు పిలిచి కొంటుంది. టెండరులో బ్యాటరీ ఎంత, తెర ఎంత అని రాస్తారు. ముందు కెమెరాకూ వెనక కెమెరాకూ జరిపే మూత ఉండాలని ఎందుకు రాయకూడదు? 2018లో లెనోవో తన థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌లకు అలాంటి చిన్న మూత పెట్టింది. వేలితో జరిపితే మూసుకుంటుంది, అంతే. ఫోటో తీస్తున్నప్పుడు ఎదుట నిలబడ్డ తల్లికి కనబడేలా వెనకవైపు దీపం వెలగాలని ఎందుకు రాయకూడదు? ఇప్పుడు ఫోన్లలో కెమెరా, మైకు పనిచేస్తుంటే తెర పైభాగాన చిన్న గుర్తు కనిపిస్తుంది. ఐఫోన్లలో 2020 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2021లో వచ్చిన పన్నెండో వెర్షను నుంచి. మంచిదే. కానీ అది తెర ఎవరి వైపు ఉంటే వాళ్ళకే కనబడుతుంది. పైగా సాఫ్ట్‌వేరు గీసే బొమ్మ అది. దీపం కెమెరాకు పోయే కరెంటుతోనే వెలగాలి, దీపం ఆరితే కెమెరా ఆగాలి. 2025 మేలో మన దేశంలో అమ్మకానికి వచ్చిన రేబాన్ మెటా కళ్ళజోళ్ళకు రికార్డు చేసేటప్పుడు వెలిగే చిన్న దీపం ఉంది. డబ్బు తీసుకుని దాన్ని ఆర్పిపెట్టేవాళ్ళు తయారయ్యారని కొన్ని నెలలకే అమెరికా నుంచి వార్త వచ్చింది. కాబట్టి దీపం ఉందా అన్నది ఒక్కటే సరిపోదు. అది దేనితో ముడిపడి ఉందో కూడా అడగాలి.

నాకు ఇచ్చిన సమయం దాటినట్టుంది, నిర్వాహకురాలు వాచీ చూస్తున్నారు. నేను మొదట చెప్పిన తూప్రాన్ ఆమె ఈ రోజు వచ్చింది, మూడో వరుసలో కూర్చుంది. పేరు చెప్పనన్నాను కనుక చెప్పను. ఆమె ఫోను మీద ఇప్పటికీ బొట్టు ఉంది. కత్తెరతో సగానికి కత్తిరించి సరిగ్గా కెమెరా మీద మాత్రమే పెట్టుకుంది. సెన్సారు ఎక్కడుందో పక్కింటివాళ్ళ ఫోనుతో చూసి తనే కనిపెట్టిందట. తన ఫ్యాక్టరీలో ఇంకో ఆరుగురికి కూడా అలాగే పెట్టిచ్చింది. భోజనాల తర్వాత ఆ పద్ధతి ఆమే చూపిస్తుంది. టీవీ రిమోట్ ఒకటి నేను తెచ్చాను, అందులో బ్యాటరీలు అయిపోయాయి. ఎవరి దగ్గరైనా రెండు ఉంటే ఇవ్వండి.